ఖాళీ గదిలో గొంతు ఎందుకు మోగుతుంది?

పర్లాకిమిడి

పిల్లలూ,

మొన్న పెళ్ళిలో మావయ్య మైకు పట్టుకుని చదివింపుల పేర్లు చదువుతుంటే బుజ్జి అడిగింది: "తాతయ్యా, అంత గట్టిగా చెబుతున్నా ఒక్క పేరూ అర్థం కావట్లేదేం?" అప్పటికి జనమంతా భోజనాలకి లేచిపోయారు, మండపం ఖాళీ. నేనూ హడావుడిలో ఉండి జవాబు చెప్పలేదు.

మామ్మ పోపు వేస్తుంది కదా. ఎండుమిరపకాయ చిటపటలాడేది ఒక్క క్షణం. ఘాటు మాత్రం ఇల్లంతా తిరుగుతుంది. కిటికీ తీసి ఉంటే తొందరగా పోతుంది, మూసి ఉంటే వీధిలోకి వెళ్ళొచ్చినా దగ్గొస్తుంది. మాటా అంతే. నోట్లోంచి వచ్చేది క్షణంలో, గోడలకీ కప్పుకీ తగిలి తిరిగేది చాలాసేపు. చారు పోపు ఘాటు పోకముందే పప్పు పోపు, అది పోకముందే పులిహోర పోపు వేస్తే ఏది ఏదో ముక్కుకి తెలుస్తుందా? మావయ్య 'రామారావు' అంటే 'రామా' పోకముందే 'రావు' వచ్చి దాని మీద పడింది.

నా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేసేవారు. పరుపులు, బొంతలు, ధాన్యం బస్తాలు అన్నీ పెరట్లోకి మోసేవాళ్ళం. ఖాళీ అయిన పెద్ద గదిలో అన్నయ్యా నేనూ నిలబడి అరుచుకుంటే మా గొంతులు మాకే పెద్దవాళ్ళ గొంతుల్లా వినిపించేవి. సాయంత్రం బొంతలు లోపలికి రాగానే ఆ గొంతు మాయం. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు. బుజ్జి అడిగింది. అడగడం మాత్రం మానకండి.

అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో వాలెస్ సబీన్ అనే కుర్ర మాస్టారిని 1895లో, కొత్త హాల్లో పాఠం అర్థం కావట్లేదు, చూడమన్నారు. ఆయన రాత్రిళ్ళు ఊరు సద్దుమణిగాక ఆర్గాన్ అనే వాయిద్యం గొట్టం ఒకటి మోగించి, ఆపాక ఎంతసేపు వినిపిస్తుందో చెవితోనే కొలిచారు. ఖాళీ హాల్లో దాదాపు ఐదున్నర సెకన్లు! దగ్గర్లోని థియేటర్ సీట్ల దిండ్లు మోసుకొచ్చి పరిచినకొద్దీ ఆ సమయం తగ్గింది. మా బొంతల సంగతే. ఎన్ని దిండ్లు ఎంత తెరిచిన కిటికీకి సమానమో కూడా లెక్క కట్టారు. కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా, పోపు ఘాటులాగే!

ఇప్పుడు ఆ కొలత కంప్యూటరే చేస్తోంది. బరంపురంలో చదివే పెద్దబాబు నిన్న అదే మండపానికి లాప్‌టాప్, చిన్న మైకు తెచ్చాడు. రూమ్ ఈక్యూ విజార్డ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. స్పీకర్లోంచి బొంగురుగా మొదలై ఈలలా పైకి పాకే మోత వచ్చింది. పంపిన మోతనీ మైకు విన్నదాన్నీ పోల్చి, అక్కడ ఒక్క చప్పట కొడితే ఎలా మోగుతుందో అది గీసింది. గీత నిటారుగా లేచి, కొండ దిగినట్టు వాలింది. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి, అంటే దాని శక్తి పది లక్షల్లో ఒక వంతు కావడానికి పట్టే సమయం కావాలి. అంత కిందికి దిగేలోపే గీత ఫ్యాన్ల రొదలో మునిగిపోతుంది. అందుకని మొదటి 5 డెసిబెల్స్ వదిలేసి, తర్వాతి 20 తగ్గే సమయాన్ని 3తో హెచ్చవేస్తుంది. మండపానికి 3 సెకన్లు దాటింది. మాట తేటగా వినపడాలంటే 1 సెకను చుట్టుపక్కల ఉండాలి.

పండగకి ఇక్కడికే వస్తున్నారుగా. సామాన్లు బయటపెట్టిన రోజు పెద్ద గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. బొంతలు లోపలికి తెచ్చాక అక్కడే ఇంకొకటి. రెండోసారి కళ్ళు మూసుకుని వినండి.

మీ తాతయ్య