దేశానికి పెద్ద సమస్య ఏదని అడిగితే జనం ఏం చెబుతూ వచ్చారు?

2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు, ఢిల్లీలోని పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్, అందులో ఎన్నికల సర్వేలు చేసే విభాగమైన లోక్‌నీతి బృందాలు 19 రాష్ట్రాల్లో పది వేల మందికి పైగా ఓటర్లను కలిశాయి. ఈసారి ఓటు వేయడంలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏదని అడిగాయి. నిరుద్యోగం అని 27 శాతం, ధరల పెరుగుదల అని 23 శాతం చెప్పారు. అంటే ఇద్దరిలో ఒకరి మనసులో ఉన్నది ఉద్యోగమో, ధరలో. అభివృద్ధి అన్నవాళ్లు 13 శాతం, అవినీతి అన్నవాళ్లు 8 శాతం. ఆ జనవరిలోనే అయోధ్యలో రామమందిరం ప్రారంభమైంది, ఊరూరా దాని గురించే మాట. అయినా ఓటుకు అదే ముఖ్యం అన్నవాళ్లు కూడా 8 శాతమే.

ఈ అంకెలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ఎక్కువే. కానీ వెనక్కి వెళ్లి చూస్తే, అరవై ఏళ్లుగా మన జనం చెబుతున్న జవాబు పెద్దగా మారలేదు. తిండి, ధర, పని, నీళ్లు. మారుతూ వచ్చింది ఆ ప్రశ్న అడిగే తీరు. కొన్ని దశాబ్దాల పాటు దాన్ని సరిగ్గా అడిగినవాళ్లే లేరు. అడగని చోట జనం తమ జవాబును వేరే దారుల్లో చెప్పారు. ఆ దారుల్లో గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని తెలుగు నేల మీదే ఉన్నాయి.

ఈ ప్రశ్న పుట్టింది అమెరికాలో. జార్జ్ గాలప్ 1935లో ప్రజాభిప్రాయ సంస్థ పెట్టాడు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని చెప్పింది. గాలప్ అంతకంటే చాలా తక్కువ మందిని అడిగి, ఆయనే గెలుస్తాడన్నాడు. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లకు ఉపాధి పెద్ద సమస్యగా కనిపించలేదు. ఎంతమందిని అడిగామన్నదానికంటే ఎవరిని అడిగామన్నదే ముఖ్యమని అప్పుడే తేలిపోయింది. దేశం ముందున్న అతి ముఖ్యమైన సమస్య ఏదని గాలప్ సంస్థ ఆ దశాబ్దం నుంచి అడుగుతూనే ఉంది. జాబితా చదివి అందులో ఒకటి ఎంచుకోమనదు, ఏది తోస్తే అది చెప్పమంటుంది. 1970ల్లో ధరలు, 2001 సెప్టెంబర్ తర్వాత ఉగ్రవాదం, 2020లో కరోనా. ఆ దేశం ఎప్పుడు దేనికి భయపడిందో ఆ జవాబుల్లో కనిపిస్తుంది.

మన దగ్గర ఎరిక్ డా కోస్టా ఢిల్లీలో పెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఒపీనియన్ 1950ల్లోనే ఓటర్ల సర్వేలు మొదలుపెట్టింది. 1963లో రజనీ కొఠారి సీఎస్‌డీఎస్ స్థాపించారు. 1967 ఎన్నికలప్పుడు ఆ సంస్థ మొదటి జాతీయ ఎన్నికల అధ్యయనం చేసింది. ఆ ఏడాదిని ఎంచుకోవడం మంచిదైంది. అంతకు ముందు జూన్‌లోనే రూపాయి విలువ తగ్గించారు. బిహార్‌లో కరువు. అమెరికా గోధుమల ఓడ వస్తే తప్ప రేషన్ దుకాణం నిండని రోజులు. తమిళనాడులో డీఎంకే రూపాయికి మూడు పడుల బియ్యం ఇస్తామని చెప్పి గెలిచింది. కాంగ్రెస్ అక్కడితో పాటు మరికొన్ని రాష్ట్రాల్లోనూ అధికారానికి దూరమైంది. నాలుగేళ్ల తర్వాత ఇందిరా గాంధీ ఆ జవాబునే నినాదం చేసుకున్నారు. గరీబీ హటావో అంటూ 1971లో 352 సీట్లు తెచ్చుకున్నారు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకే ధరలు మళ్లీ కట్టు తప్పాయి. 1973 డిసెంబర్‌లో అహ్మదాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మెస్ బిల్లు పెంచినందుకు కుర్రాళ్లు మొదలుపెట్టిన గొడవ నవనిర్మాణ్ ఉద్యమమై, ఫిబ్రవరికల్లా గుజరాత్ ముఖ్యమంత్రి రాజీనామా దాకా వెళ్లింది. 1980లో ఉల్లిపాయల ధర ఎన్నికల ప్రచారానికి ఎక్కింది. 1983 జనవరిలో మన దగ్గర ఎన్టీఆర్ గెలుపు గురించి చెప్పేటప్పుడు ఆత్మగౌరవం అంటాం, అది నిజమే. కానీ రెండు రూపాయలకు కిలో బియ్యం అన్న మాట లేకుండా ఆ గెలుపును ఊహించడం కష్టం. 1998లో ఢిల్లీ రాష్ట్ర ప్రభుత్వం పడిపోవడంలోనూ ఉల్లిపాయల పాత్ర ఉంది.

ఇంత జరుగుతున్నా, జనాన్ని శ్రద్ధగా కూర్చోబెట్టి అడిగే పని మధ్యలో ఆగిపోయింది. 1971, 1980 తర్వాత సీఎస్‌డీఎస్ జాతీయ అధ్యయనం మళ్లీ జరిగింది 1996లోనే. మధ్యలో ప్రణయ్ రాయ్ లాంటివాళ్లు పత్రికల కోసం చేసిన సర్వేలు వచ్చాయి. వాటితో శాస్త్రీయమైన లెక్క పెరిగింది, కాదనను. అయితే ఎవరికి ఎన్ని సీట్లు అన్నది మొదటి పేజీ ప్రశ్న అయింది. నీకేం కావాలి అన్నది లోపలి పేజీకి పోయింది. ఈ వరస ఇప్పటికీ మారలేదని నా బాధ.

ఆ పదహారేళ్ల ఖాళీలోనే నెల్లూరు జిల్లా దూబగుంట వచ్చింది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బులు సారాకు పోవడం గురించిన పాఠం చదివి, చదువు పక్కన పెట్టి దాని మీదే మాట్లాడుకున్నారు. 1992లో వాళ్లు సారా దుకాణం మూయించారు. తర్వాత జిల్లాలో సారా వేలంపాటలే జరగనివ్వలేదు. దేశం ముందున్న పెద్ద సమస్య ఏదని ఎవరూ ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి అడగలేదు. ఢిల్లీలో కూర్చుని సిద్ధం చేసిన ఏ జాబితాలోనూ సారా ఉండేది కాదు. కానీ 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారా నిషేధించింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన హామీ అయింది, 1995 జనవరిలో అమలులోకి వచ్చింది. 1997లో ఎత్తేశారు.

తర్వాత నల్లగొండ. అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. పిల్లల పళ్లు ముందు గోధుమరంగుకు తిరుగుతాయి, తర్వాత కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంగిపోతాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ముప్ఫై ఏళ్లకే నడుం వంగినవాళ్లు ఇంటింటా కనిపించేవాళ్లు. పక్కనే కృష్ణ పారుతోంది. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ నీళ్లు ఇస్తే తాగడానికీ సాగుకూ సరిపోతాయన్నది జలసాధన సమితి వాదన. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన ఈ సమితి అర్జీలు పెట్టింది, ధర్నాలు చేసింది. ఎవరూ వినలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో వాళ్లు ఊళ్లవాళ్ల చేత వందల కొద్దీ నామినేషన్లు వేయించారు. నల్లగొండ బరిలో మొత్తం 480 మంది నిలిచారు.

480 పేర్లు, 480 గుర్తులు ఒక్క కాగితం మీద పట్టవు. బ్యాలెట్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. అది మామూలు పెట్టెల్లో దూరదు. ఎన్నిక వాయిదా వేసి, ఏర్పాట్లన్నీ కొత్తగా చేశారు. ఓటరు ఆ పుస్తకం తిరగేసుకుంటూ తన గుర్తు వెతుక్కోవాలి. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. నామినేషన్ వేసినవాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్ పోయింది, వాళ్లకు ముందే తెలుసు పోతుందని. వాళ్లు గెలవడానికి నిలబడలేదు. మా సమస్య ఇది అని, ఎన్నికల సంఘం అచ్చువేసే కాగితం మీదే రాయించడానికి నిలబడ్డారు. నా దృష్టిలో మన దేశంలో జరిగిన అతి స్పష్టమైన ప్రజాభిప్రాయ ప్రకటనల్లో అది ఒకటి. ఏ సర్వే కూడా దానికి సాటి రాదు.

రాజ్యం ఆ మాటను ఎలా విన్నదో కూడా చెప్పుకోవాలి. తమిళనాడులోని మొడకురిచ్చిలో అదే ఏడాది అసెంబ్లీ స్థానానికి వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. దాంతో ఆ సంవత్సరమే చట్టం మార్చారు. లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు, ఎస్సీ ఎస్టీలకు 250 నుంచి 5,000కు పెరిగింది. స్వతంత్ర అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000. నీళ్ల సంగతి చూస్తే, సాగర్ వెనక నీళ్లను ఎత్తిపోసే పథకం, ఆ తర్వాత మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. కొత్త పిల్లలకు ఆ జబ్బు చాలా వరకు తప్పింది. ఎడమగట్టు కాల్వ కోసం శ్రీశైలం నుంచి తవ్వాల్సిన దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం మాత్రం పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలి, ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు.

డిపాజిట్ పెంచితే ఈ దారి మూసుకుపోతుందనుకున్నవాళ్లకు 2019లో నిజామాబాద్ రైతులు జవాబిచ్చారు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి. ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులు చందాలు వేసుకుని 25,000 చొప్పున కట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థుల్లో 178 మంది రైతులే. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 మీటలుంటాయి. నోటాతో కలిపి 186 కాబట్టి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అరవింద్ గెలిచారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో, ప్రారంభం 2025 జనవరిలో. ఆ రైతులకు ప్రచారం దొరికింది, కానీ మద్దతు ధర ఇంకా రాలేదు.

అదే 2019లో దేశం మొత్తం మీద మాట పుల్వామా, బాలాకోట్. ఆ ఎన్నికలప్పుడు ఉద్యోగం, ధరలు ముఖ్యమన్నవాళ్లు రెండూ కలిపి ఆరో వంతేనని, 2024లో అది దాదాపు సగానికి చేరిందని లోక్‌నీతి పోల్చి చెప్పింది. నిరుద్యోగం 2019లో లేదని కాదు. 2017–18లో అది 6.1 శాతమన్న ప్రభుత్వ నివేదిక ఆ జనవరిలోనే పత్రికలకు చిక్కింది, అధికారికంగా విడుదలైంది మాత్రం ఎన్నికలు అయిపోయాక మే నెలాఖరులో. సరిహద్దులో గొడవ జరిగినప్పుడు ఇంట్లో కష్టం వెనక్కి తగ్గుతుంది, అంతే తప్ప పోదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ ముందుకొచ్చింది, బీజేపీ 240 దగ్గర ఆగింది.

ఇక్కడే చాలామంది ఒక అభ్యంతరం చెబుతారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 2023–24లో నిరుద్యోగం 3.2 శాతమే కదా, మరి 27 శాతం మందికి అదే పెద్ద సమస్య ఎలా అవుతుంది, ఇదంతా ప్రతిపక్ష ప్రచారం అని. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, లెక్క ఎలా వేస్తారో చూడాలి. డిగ్రీ చదివిన కొడుకు ఉద్యోగం దొరక్క నాన్న పొలంలోనో, ఇంటి కిరాణా కొట్టులోనో సాయం చేస్తుంటే, జీతం లేకపోయినా పనిలో ఉన్నట్టే లెక్క. గడిచిన వారంలో చేసిన పనిని బట్టి వేసే వారం లెక్కలో అయితే ఒక్క గంట పని చేసినా చాలు. చదువుకుంటున్నట్టు నమోదైనవాడు అసలు శ్రామికుల లెక్కలోకే రాడు. ఆ 3.2 అబద్ధం కాదు, కానీ అది అడిగిన ప్రశ్న వేరు.

తెలంగాణలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. 2022 అక్టోబర్‌లో జరిగిన గ్రూప్–1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. ఒకే ఉద్యోగానికి రెండుసార్లు రాసి, రెండూ చెల్లని పిల్లలు హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో మూడోసారి కోసం కూర్చున్నారు. ఆ నవంబర్ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి, డిగ్రీ చదివి బర్రెలు కాస్తున్నానన్న వీడియోతో పేరుపడ్డ బర్రెలక్క స్వతంత్రంగా నిలబడి ఐదు వేలకు పైగా ఓట్లు తెచ్చుకుంది. నల్లగొండ జనం చేసిన పనే ఆమె ఒంటరిగా చేసింది. మూడో ప్రిలిమ్స్ 2024 జూన్‌లో జరిగింది.

2025 ఏప్రిల్ నుంచి కేంద్రం నిరుద్యోగ లెక్కలు నెలనెలా ఇస్తోంది. మొదటి నెల అంకె, వారం లెక్క ప్రకారం, 5.1 శాతం. త్వరగా తెలియడం మంచిదే. కానీ పనిలో ఉన్నట్టు ఎవరిని లెక్కించాలన్న నిర్వచనం మాత్రం పాతదే. పొలంలో సాయం చేస్తున్న ఆ డిగ్రీ కుర్రాడు అందులోనూ ఉద్యోగస్తుడే. సర్వేకు వచ్చినవాళ్లు పెద్ద సమస్య ఏదమ్మా అని వాళ్లమ్మను అడిగితే, వాడి ఉద్యోగం అనే చెబుతుంది.