ప్రీనప్ రాసుకుంటే చాలా? స్టాంపు పేపరు చుట్టూ అపోహలు, వాస్తవాలు

ముహూర్తాలు దగ్గరపడేసరికి అమలాపురం నుంచి భీమవరం దాకా లాయర్ల ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న. "అమ్మాయికి ఎకరం కొబ్బరి తోట ఇస్తున్నామండీ. అబ్బాయికేమో చెరువుల మీద అప్పులున్నాయంట. వంద రూపాయల స్టాంపు మీద అన్నీ రాసేసి నోటరీ చేయిస్తే సరిపోద్ది కదండీ?"

సరిపోదండీ. ఆస్తులు, అప్పుల గురించి పెళ్లికి ముందే రాసుకునే ఇలాంటి ఒప్పందాన్నే ప్రీనప్ అంటారు. అలాగని "మన దేశంలో ప్రీనప్ చెల్లదు, రాసుకోవడం దండగ" అని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా పూర్తి నిజం కాదు. ఆ కాగితంలో ఏ వాక్యం నిలుస్తుంది, ఏది పోతుంది, దేనికి అసలు వేరే దస్తావేజు కావాలి అన్నది తెలియకే ఆస్తులు చేజారుతున్నాయి.

అపోహ: స్టాంపు, నోటరీ ముద్ర ఉంటే ఏం రాసుకున్నా చెల్లుతుంది

సంతకం పెట్టింది ఫలానా మనిషేనని నోటరీ ధ్రువీకరిస్తారు. అంతవరకే. లోపలి షరతు చట్టానికి నిలుస్తుందా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు. 1955 హిందూ వివాహ చట్టంలో ప్రీనప్ ఊసే లేదు. కోర్టుకు వెళ్తే ఆ కాగితాన్ని మామూలు ఒప్పందంగానే చూస్తారు. 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద, ప్రజా ప్రయోజనానికి విరుద్ధమైన షరతు ఎంత పెద్ద స్టాంపు మీద రాసినా రద్దే.

ఇల్లరికం కాగితాలే చూడండి. అల్లుడు అత్తగారింట్లోనే ఉండాలి, భార్యను అక్కణ్ణుంచి తీసుకెళ్లకూడదు అని పెళ్లికి ముందు రాయించుకున్న ఒప్పందాన్ని కలకత్తా హైకోర్టు 1901లోనే చెల్లదంది. మనవైపు ఇప్పటికీ అదే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా రాయిస్తున్నారు! ఇల్లటపు అల్లుడికి ఆస్తిలో వాటా అన్నది వేరే సంగతి. పాత మద్రాసు హైకోర్టు కాలం నుంచి కొన్ని కులాల్లో గుర్తింపు ఉన్న ఆచారం అది, దాన్ని సాక్ష్యాలతో రుజువు చేసుకోవాలి. కాపురం ఎక్కడ పెట్టాలో మాత్రం స్టాంపు పేపరు శాసించలేదు.

గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది కాబట్టి అక్కడ పెళ్లికి ముందు ఆస్తి ఒప్పందానికి చట్టబద్ధత ఉంది. ముస్లిం వివాహాల్లో నిఖానామాలో (పెళ్లి ఒప్పంద పత్రంలో) రాసిన మెహర్‌ను, అంటే భర్త భార్యకు ఇస్తానన్న సొమ్మును, భార్య కోర్టు ద్వారా రాబట్టుకోవచ్చు. ఈ రెండూ చూపించి మన తాలూకా కాగితానికి అదే బలం ఉందనుకోవద్దు.

మరి ఆ కాగితం దేనికి పనికొస్తుంది? పెళ్లినాటికి ఎవరి పేరున ఏముంది, ఎవరికి ఎంత అప్పుంది అన్న లెక్కకు. ఇద్దరూ నిజాయితీగా రాసి, పేజీపేజీకీ సంతకం పెట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఈసీలూ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) జత చేసుకుంటే, రేపు తగువొచ్చినప్పుడు అది మంచి సాక్ష్యం. పెళ్లికి ముందు రోజు రాత్రి విడిది ఇంట్లో పెట్టించిన సంతకాలకు ఆ విలువ ఉండదు. బలవంతం చేశారన్న మాట అక్కడే పుడుతుంది.

అసలు దెబ్బ తగిలేది భూమి దగ్గర

"సదరు ఎకరం తోట పసుపు కుంకుమల నిమిత్తం మా కుమార్తెకు ఇచ్చితిమి" అని పెద్దల సమక్షంలో తెల్లకాగితం మీద రాస్తారు. అమ్మాయి ఇరవై ఏళ్లు కొబ్బరికాయల డబ్బు తీసుకుంటుంది. తండ్రి పోతాడు. పాసు పుస్తకం ఆయన పేరునే ఉంటుంది, ఈసీ తీస్తే ఆ లావాదేవీ కనబడదు, బ్యాంకు లోను ఇవ్వదు. అన్నదమ్ములు మంచివాళ్లే అయినా, వాళ్ల పిల్లలు ఆ కాగితాన్ని ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.

స్థిరాస్తి దానానికి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన దస్తావేజు, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. దాత బతికుండగానే అమ్మాయి స్వీకరించాలి. రిజిస్ట్రేషన్ లేని కాగితాన్ని హక్కుకు రుజువుగా కోర్టు తీసుకోదు. కాబట్టి తోట ఇవ్వదలిస్తే వరస ఇదీ:

ముందు ఈసీ తీసి, సర్వే నంబరు, విస్తీర్ణం రెవెన్యూ రికార్డులైన 1-బి, అడంగల్‌లతో సరిచూసుకోండి. తాకట్టు ఉంటే తేల్చుకోండి. తర్వాత, ఆ భూమి తండ్రి స్వార్జితమా, పిత్రార్జితమా చూడాలి. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత కూతుళ్లూ కొడుకులతో సమానంగా హక్కుదార్లే. కూతురి పెళ్లికి తండ్రి కొంత భూమి ఇవ్వడాన్ని కోర్టులు ఒప్పుకున్నా, మిగతా పిల్లలందరి సంతకాలూ దస్తావేజులోనే తీసుకుంటే తరవాతి తలనొప్పి తప్పుతుంది. దస్తావేజులో నాలుగు హద్దులతో పాటు బోది నీళ్ల హక్కు, పుంత దారి, చెట్ల లెక్క రాయించండి. డెల్టాలో సగం తగాదాలు ఈ మూడింటి మీదే. సంతకాలైన 4 నెలల్లోగా సబ్ రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. ఆ తర్వాత మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించి అమ్మాయి పేరున పాసు పుస్తకం తీసుకునేదాకా పని అయినట్టు కాదు. చాలామంది రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బెంగపడే తల్లిదండ్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలి. పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా అమ్మాయి చనిపోతే ఆస్తి ఎవరికి? హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే తండ్రి వారసులకు తిరిగొస్తుంది. దానంగా ఇచ్చిన తోట వారసత్వం కిందికి రాదు. అది భర్తకు, ఆయన లేకపోతే ఆయన వారసులకు పోతుంది. పుట్టింటి తోట కాబట్టి పుట్టింటికే తిరిగొస్తుందన్న ధీమాతో ఉన్న కుటుంబాలకు ఈ తేడా తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మందు తేలికే: దస్తావేజు రిజిస్టరయ్యాక అమ్మాయి చేత ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా రాయించండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఒక మాట: క్రైస్తవులు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, మళ్లీ రాసుకోవాలి. హిందువులకు ఆ నియమం లేదు.

అపోహ: కట్నం ఎంతో ఒప్పందంలో రాస్తే తిరిగి రాబట్టుకోవచ్చు

ఎవరు చెబుతారో గానీ, ఇంత ప్రమాదకరమైన సలహా ఇంకోటి లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం 5వ సెక్షన్ కింద ఆ ఒప్పందం చెల్లదు. 3వ సెక్షన్ కింద ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరం. చేతులారా సాక్ష్యం తయారు చేసుకున్నట్టే. అడగకుండా ఇష్టంగా ఇచ్చిన కానుకలకైతే 1985 నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారి బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలి. బంగారానికి కాసులు, గ్రాములతో పాటు హాల్‌మార్క్ మీద ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఆ నగకే ఉండే గుర్తింపు కోడ్), బిల్లు జత చెయ్యండి. అమ్మాయి నగలు స్త్రీధనం. భర్త దాచినా అవి ఆమెవేనని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. చేపల మేతకని ఆ నగలు భర్త పేరున తాకట్టు పెడితే, ఏ నగ, ఎన్ని గ్రాములు, ఏ తేదీ అని చీటీ రాయించుకుని లోను రసీదు నకలు ఆమె దగ్గరుంచుకోవాలి.

అపోహ: భరణం అడగనని రాయిస్తే అడగలేదు

అడగొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 125, ఇచ్చే భరణం హక్కును కాగితం మీద ముందే వదులుకోలేరు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నదీ అంతే. కోర్టు పిల్లల మేలు చూస్తుంది గానీ మీ షరతు కాదు.

అపోహ: అమెరికాలో ప్రీనప్ చేసుకుంటే ఇక్కడి పొలానికీ రక్ష

అక్కడి ఆస్తికి అక్కడి చట్టం. కాలిఫోర్నియాలో తుది ప్రతి చేతికిచ్చాక సంతకానికి మధ్య 7 రోజులు ఉండాలి, ఆస్తులన్నీ వెల్లడించాలి. అది చేసుకోండి. పాలకొల్లు పొలానికి మాత్రం ఇక్కడి దస్తావేజే లెక్క.

అపోహ: భర్త అప్పు భార్యకు చుట్టుకుంటుంది

పెళ్లయిన మాత్రాన చుట్టుకోదు. సహరుణగ్రహీతగానో, హామీదారుగానో సంతకం పెడితేనే. రొయ్యల చెరువు లోనుకు భార్య పొలం తాకట్టు అడగడం మనవైపు మామూలే. ఆ సంతకం పెట్టేముందు ఆమె పేరున వేరే ఆస్తి మిగిలిందా చూసుకోవాలి. భర్త తీసుకునే జీవిత బీమాను 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల పేరున తీసుకుంటే, అప్పులవాళ్లు ఆ డబ్బును అటాచ్ చెయ్యలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ఎంతో ఉపయోగపడే ఈ ఏర్పాటును ఏజెంట్లు చెప్పరు, కస్టమర్లు అడగరు. ఇద్దరూ డబ్బు పెట్టి ఇల్లు కొంటే సేల్ డీడులోనే వాటాలు రాయించండి, ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో చెక్కు నంబర్లతో సహా. ఉద్యోగులకైతే పెళ్లికి ముందు ఇచ్చిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాలి.

పెళ్లయ్యాక రాసుకునేవి

కాపురం సాగుతుండగా ఆస్తి పంచుకోవాలంటే పోస్ట్‌నప్ పేరుతో మళ్లీ స్టాంపు పేపరు కొనక్కర్లేదు. రిజిస్టరైన సెటిల్‌మెంట్ దస్తావేజు చేసుకోండి. భర్త భార్యకు ఉచితంగా రాసిచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని మాత్రం పన్ను లెక్కలో మామూలుగా భర్త ఆదాయంలోనే కలుపుతారు. విడిపోవాలనుకున్నప్పుడు పెద్దల్లో రాసుకున్న విడాకుల కాగితం విడాకులు కావు. ఆచారం రుజువైతే తప్ప, ఆ కాగితంతో మళ్లీ పెళ్లి చేసుకుంటే ద్వివివాహం కేసు. అవే షరతుల్ని, అంటే సొమ్ము ఎంత, ఎప్పటిలోగా, నగలు ఎన్ని గ్రాములు, పిల్లల్ని చూసే రోజులు ఏవి అన్నవాటిని, పరస్పర అంగీకార విడాకులకు వేసే 13బి పిటిషన్‌తో (హిందూ వివాహ చట్టం) కలిపి ఫ్యామిలీ కోర్టులో పెట్టండి. ఏడాది విడిగా ఉండి ఉండాలి, మామూలుగా మరో 6 నెలలు ఆగాలి. అన్నీ తేలిపోయిన కేసుల్లో ఆ 6 నెలలు మినహాయించొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. సొమ్ము మొత్తం ఒకేసారి ఇచ్చేయకుండా, కొంత మొదటి మోషన్ (పిటిషన్ వేసే దశ) రోజున, మిగతాది రెండో మోషన్ (గడువు తర్వాత ఇద్దరూ మళ్లీ కోర్టును కోరే దశ) రోజున డీడీ రూపంలో ఇచ్చేలా రాసుకుంటే ఏ పక్షమూ మధ్యలో వెనక్కి తగ్గదు.