ఈ20 బండి వేరు, ఫ్లెక్స్ ఫ్యూయల్ బండి వేరు

పెట్రోలులో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుపుతారు; ఈ20, ఈ85 పేర్లలోని అంకె అది నూటికి ఎన్ని పాళ్లో చెబుతుంది. పెట్రోలు, ఈ85, రెండూ కలిసింది, ఏది పోసినా నడిచేది ఫ్లెక్స్ ఫ్యూయల్ బండి. వీటి గురించి ఇంజిన్ రిపేర్లు చేసే షెడ్డులో రోజూ వినపడే మాటలివి. ఒక్కొక్కటీ చూద్దాం.

అపోహ: ట్యాంకు మూత దగ్గర ఈ20 అని ఉంది కదా, ఈ85 కూడా కొట్టించొచ్చు.

కుదరదు. ఈ20 బండి అంటే నూటికి 20 పాళ్ల ఇథనాల్ వరకు తట్టుకునేది, అంతే. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 చాలు. కాబట్టి అదే గాలికి ఈ85 అయితే మామూలు పెట్రోలు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ చిమ్మాలి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కొంతవరకు సర్దుకుంటుంది, ఆ హద్దు దాటితే చేతులెత్తేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0171 అనే కోడ్ వస్తుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం చాలడం లేదని. ఫ్లెక్స్ బండిలో ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు పెద్దవి, పైపులూ రబ్బర్లూ వేరు, ఎంత ఇథనాల్ వచ్చిందో పసిగట్టే ఏర్పాటు వేరు. స్టిక్కరు అంటిస్తే ఇవన్నీ రావు.

అపోహ: ఫ్లెక్స్ బండిలో సీఎన్‌జీ బండిలా రెండు ట్యాంకులుంటాయి.

ట్యాంకు ఒక్కటే. సగం పెట్రోలున్న దాంట్లో ఈ85 పోసినా ఫరవాలేదు. బ్రెజిల్‌లో 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్‌తో మొదలైన ఫ్లెక్స్ కార్లలో ఎక్కువ భాగం సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సర్‌ను బట్టే మిశ్రమాన్ని లెక్కకడతాయి. చలికి ఇథనాల్ సరిగా ఆవిరవ్వదు కనుక, తొలి మోడళ్లలో స్టార్టింగ్ కోసం బానెట్ కింద బుల్లి పెట్రోలు డబ్బా ఉండేది. ఈ అపోహకు అదే మూలమేమో.

అపోహ: ఇథనాల్‌కు ఆక్టేన్ (అదుపు తప్పి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి మైలేజీ కూడా ఎక్కువే.

ఆక్టేన్ ఎక్కువన్నది నిజమే. కానీ లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. ఆక్టేన్ లాభం దక్కాలంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలినీ ఇంధనాన్నీ నొక్కే మోతాదు, పెంచాలి, ఫ్లెక్స్ ఇంజిన్ పెట్రోలుతోనూ నడవాలి కనుక అంత పెంచలేరు. నా లెక్కలో లీటరు ఈ20 ధర నూరు రూపాయలైతే, ఈ85 లీటరు 76 రూపాయల లోపు దొరికితేనే గిట్టుబాటు. అమెరికాలో పసుపు ట్యాంకు మూత (ఫ్లెక్స్ బండి గుర్తు) ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఈ85 పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. ఈ నెల మైలేజీ పోయిన నెలలా లేదని ఇంజిన్ విప్పించకండి.

అపోహ: సీసాలో పెట్రోలుకు కాసిని నీళ్లు కలిపి చూస్తే అడుగున పోసినదాని కంటే ఎక్కువ నీరు కనిపించింది, బంకువాడు నీళ్లు కలిపేశాడు.

ఈ వీడియోలకు లెక్కే లేదు. కొలత గొట్టంలో 90 మి.లీ. ఈ20, 10 మి.లీ. నీళ్లు పోసి, మూత బిగించి ఊపి పక్కన పెడితే అడుగు పొర 27, 28 మి.లీ. దగ్గర ఆగుతుంది. పెరిగింది నీరు కాదు, పెట్రోలును వదిలి నీళ్లలోకి దిగిన ఇథనాల్. (చేసేవాళ్లు ఆరుబయట, మంటకు దూరంగా చేయండి.) మీరు నీళ్లు పోయకముందే అడుగున పొర కనిపిస్తే మాత్రం గొడవ పడాల్సిందే. వానకు తడిసే బైకైతే ముందు ట్యాంకు మూత వాషరు చూసుకోండి. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్ దాంతో కలిసి కిందికి దిగిపోతుంది, పంపు ముందుగా లాగేది ఆ పొరనే. అప్పుడు కిక్కులు కొట్టినా లాభం లేదు, ట్యాంకు దించి కడగాలి.