మామిడిరసం అంటిన వేలు, మూడు నెలల షుగర్

మే నెలలో ఒకరోజు ఒక పెద్దాయన గ్లూకోమీటర్ చేతిలో పట్టుకుని కంగారుగా మా ల్యాబ్‌కి వచ్చారు. మీటర్ 312 చూపించిందట. రోజూ 140 ప్రాంతంలో ఉండే మనిషికి ఒక్కసారిగా మూడొందలు దాటితే టెన్షన్ పడకుండా ఎలా ఉంటారు? "పొద్దున్నుంచి ఏం తిన్నారు బాబాయ్?" అని అడిగాను. "రెండు ఇడ్లీలమ్మా, ఒట్టు" అన్నారు. చెయ్యి చూపించమన్నాను. వేలి కొసన కాస్త జిగురు, గోరు అంచున పసుపు మరక, దగ్గరికి వెళ్తే బంగినపల్లి వాసన. మనవళ్లకి పండు కోసి పెట్టారట. తను మాత్రం ముక్క కూడా నోట్లో వేసుకోలేదట. ఆయన చెప్పింది నిజమే. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని రమ్మన్నాను. అదే మీటర్‌తో, అదే వేలి మీద మళ్లీ చూస్తే 148.

స్ట్రిప్ పీల్చుకునే రక్తం ఆవగింజంత కూడా ఉండదు, సుమారు ఒక మైక్రోలీటరు. షుగర్ 150 ఉన్న మనిషిలో అంత చుక్కలో ఉండే గ్లూకోజ్ ఒకటిన్నర మైక్రోగ్రాములే. చర్మం మీద ఆరిపోయిన పండ్లరసంలో ఆ మాత్రం గ్లూకోజ్ ఉన్నా లెక్క రెట్టింపైపోతుంది. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచినంత మాత్రాన అది పూర్తిగా పోదు. నీళ్లతో కడగాల్సిందే.

ఏళ్ల తరబడి రక్తం తీస్తున్నాను. రిపోర్టు చేతికి రాగానే అందరూ "ఎంత ఉంది?" అనే అడుగుతారు. ఆ నంబరు ఎప్పటి రక్తానిది, ఎలా తీసిన రక్తానిది అని అడిగేవాళ్లు అరుదు. అది తెలియకపోతే ఆ నంబరుతో భయపడటమూ తప్పే, ధైర్యం తెచ్చుకోవడమూ తప్పే.

పొద్దున ఆరున్నరకే మా బెంచీ నిండిపోతుంది. అందరూ పరగడుపున వచ్చినవాళ్లే. "నీళ్లు తాగొచ్చా?" తాగొచ్చు. "కాఫీ?" వద్దు, చక్కెర లేనిదైనా వద్దు. "వాకింగ్ చేసి వచ్చాను, పర్లేదా?" వాకింగ్ రక్తం ఇచ్చాక చేసుకోవచ్చు. ముందురోజు రాత్రి భోజనం చేశాక కనీసం 8 గంటలు గడిస్తే చాలు. పరీక్ష బాగా రావాలని మూడు రోజుల నుంచి అన్నం మానేసి, నీరసంతో గోడ పట్టుకుని వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మామూలుగా తిని వస్తేనే కదా ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసేది.

పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో గ్లూకోజ్ 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 126 లేదా ఆపైన ఉంటే డయాబెటిస్. మధ్యలో ఉన్నదాన్నే మనవాళ్లు "బార్డర్‌లో ఉంది" అంటారు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు చూసే పరీక్షలో 140 లోపు మామూలు, 200 లేదా ఆపైన ఉంటే డయాబెటిస్. టిఫిన్ తిన్నాక రెండు గంటలకు చూసేది వేరు. ఒకరు రెండు పూరీలు తింటారు, ఇంకొకరు గిన్నెడు ఉప్మా. అది మందులు ఎలా పనిచేస్తున్నాయో చూసుకోవడానికి బాగా పనికొస్తుంది కానీ, జబ్బు ఉందో లేదో తేల్చడానికి సరిపోదు. ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు ఫోన్ చేసి "నాన్నా, నాకు 7 వచ్చింది" అంటే ఏడేనా అని ఊపిరి పీల్చుకోకండి. అక్కడి కొలత వేరు. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. పరగడుపున 7 అంటే మన 126.

"రాత్రి పెరుగన్నం మాత్రమే తిన్నాను, పడుకునేముందు 130 ఉంది, పొద్దున లేచేసరికి 160 ఎలా అయింది? నిద్రలో ఎవరు పెట్టారు?" అని ఒకావిడ నన్ను నిలదీశారు. పెట్టింది ఆవిడ కాలేయమే. తెల్లవారుజామున మనల్ని లేపడానికి ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయంలోని గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేసే ఒంట్లో ఆ పెరుగుదల సర్దుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో సర్దుకోక పైకి కనిపిస్తుంది.

ఇక లక్షణాల సంగతి. బాత్రూమ్‌లో చీమలు పడితే షుగర్ వచ్చినట్టే అని మన పెద్దవాళ్లు అనేవారు. అది వట్టి నమ్మకం కాదు. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు, మిగిలింది మూత్రంలోకి పోతుంది. వెనకటి రోజుల్లో ల్యాబుల్లో బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి కాచేవాళ్లు. నీలంగా ఉన్నది ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక ఎరుపుగా మారేది. గ్లూకోజ్ పోతూ పోతూ తనతో నీటినీ లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, రాత్రి మూడు నాలుగుసార్లు లేవడం, ఎంత తాగినా తీరని దాహం. తిన్నది ఒంటికి పట్టక బరువు తగ్గుతారు. షుగర్ హెచ్చుతగ్గులకు కంట్లో కటకం ఉబ్బి చూపు మసకబారుతుంది. ఆ సమయంలో వెళ్లి కొత్త కళ్లజోడు చేయించుకుంటే, షుగర్ అదుపులోకి వచ్చాక ఆ అద్దాలు పనికిరాకుండా పోతాయి.

అయితే చీమల లెక్క రెండు వైపులా తప్పుతుంది. పరగడుపున 130, తిన్నాక 175 ఉండే మనిషికి డయాబెటిస్ ఉన్నట్టే. కానీ 180 దాటలేదు కాబట్టి చీమా రాదు, దాహమూ వేయదు. మరోవైపు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు కావాలనే గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపిస్తాయి. అవి వేసుకునేవాళ్ల బాత్రూమ్‌లో చీమలు కనిపిస్తే మందు పనిచేస్తోందని అర్థం.

దాహం లేదు, నీరసం లేదు, నాకెందుకు ఉంటుంది అనుకోవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. భార్యకు తోడుగా వచ్చి, కూర్చుని విసుగొచ్చి "నాదీ చూడమ్మా" అని చెయ్యి చాపిన మనుషుల్లో 200 దాటినవాళ్లను నేను చూశాను. అలా ఎన్నేళ్లుగా ఉందో ఎవరికి తెలుసు? భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో బయటికొచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్ ఉందని, మరో 13 కోట్ల పైచిలుకు మంది బార్డర్‌లో ఉన్నారని అందులో తేలింది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా షుగర్ చూస్తారు. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే, లక్షణం కోసం ఎదురుచూడకుండా వెళ్లి చూపించుకోవాలి. గర్భిణులకైతే మొదటి చెకప్‌లోనే చూడాలి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య చూడాలి.

కళ్లు తిరిగితే చాలామంది "షుగర్ పెరిగిందేమో" అంటారు. బీపీ పడిపోయినా, చెవిలో సమస్య ఉన్నా కళ్లు తిరుగుతాయి. మాత్రలో ఇన్సులినో వాడుతున్న మనిషికి హఠాత్తుగా చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడి, ఆకలితో మాట తడబడుతోందంటే ముందు షుగర్ తగ్గిందేమో చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. మీటర్ దొరక్కపోతే చక్కెర ఇచ్చాకే వెతకండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో మీటర్ 142, ల్యాబ్ రిపోర్టు 130. ఏది నిజం? రెండూ నిజమే. 100 పైన ఉన్నప్పుడు 15 శాతం అటూఇటూ చూపించినా మంచి మీటర్ కిందే లెక్క, అంతర్జాతీయ ప్రమాణమే అలా ఉంది. అందుకే మీటర్ రీడింగ్‌తో జబ్బు నిర్ధారించరు. ల్యాబ్ వైపు నుంచీ పొరపాట్లు జరుగుతాయి. రక్తం బయటికి తీశాక కూడా అందులోని కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. ఇంటికొచ్చి తీసుకెళ్లిన రక్తం మూడు గంటలు బైక్ మీద తిరిగితే 130 కాస్తా 110 దగ్గరికి దిగిపోవచ్చు. కణాలు అలా గ్లూకోజ్ తినకుండా ఆపడానికే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేస్తారు. మీ రక్తం ఏ రంగు మూత ట్యూబులో పోస్తున్నారో చూడండి, అడగండి. మేము ఏమీ అనుకోము.

ఒక్క రిపోర్టుతో "షుగర్ వచ్చేసింది" అని కూలబడిపోవద్దు. లక్షణాలు లేనప్పుడు రెండోసారి పరీక్షలోనూ ఎక్కువ వస్తేనే నిర్ధారణ. డెంగీ లాంటి జ్వరంలో, స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు షుగర్ తాత్కాలికంగా పెరగొచ్చు.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ. మనవాళ్లు "మూడు నెలల షుగర్" అనే పరీక్ష. రక్తంలోని గ్లూకోజ్ ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అంటుకుందో కొలిస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్బర్ గుర్తించారు. 6.5 శాతం లేదా ఆపైన ఉంటే డయాబెటిస్, 5.7 లోపు మామూలు. పరగడుపు అక్కర్లేదు. పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి డాక్టర్‌ను మెప్పిద్దామనుకునేవాళ్ల ఆటలు ఇక్కడ సాగవు.

కానీ ఈ పరీక్ష ఎర్రకణం ఆయుష్షు మీద ఆధారపడుతుంది. ఐరన్ లోపంతో రక్తం తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈమధ్య రక్తం పోయినా, ఎర్రకణాలు త్వరగా చనిపోయే జబ్బు ఉన్నా తక్కువ చూపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు చాలా తక్కువ.

మా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, నలభై లోపే. ఏదో ప్యాకేజీలో చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చింది. అప్పటికే ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. రక్తం తీస్తుంటే కనురెప్ప లోపలి భాగం తెల్లగా పాలిపోయి కనిపించింది. డాక్టర్ గారు పరగడుపు షుగర్, హిమోగ్లోబిన్ రాశారు. షుగర్ 94, హిమోగ్లోబిన్ 8.1. నెలనెలా ఎక్కువ రక్తస్రావం అవుతోందని అప్పుడు చెప్పింది. అన్నాళ్లూ ఎవరూ అడగలేదట. దానికి వైద్యం చేసి ఐరన్ ఇచ్చారు. నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 12 దాటింది, హెచ్‌బీఏ1సీ 5.8.

"అంటే నాకు షుగర్ లేనట్టేనా అక్కా?" అంది. వాళ్ల నాన్నకి షుగర్ ఉంది. ఇప్పటికైతే లేదమ్మా, బార్డర్‌లో ఉంది, ఏడాదికోసారి రా, వచ్చేటప్పుడు ఈ రెండు రిపోర్టులూ తీసుకురా అన్నాను. హిమోగ్లోబిన్ రిపోర్టు ఎందుకని అడగలేదు. రెండింటినీ కలిపి మడిచి బ్యాగులో పెట్టుకుంది.