కల్లు బంద్ అయితే ఫిట్స్ ఎందుకొచ్చాయి?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ఒక్కసారిగా పెరిగాయి. ఆ రోజుల్లో మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులకు జనం వరసకట్టారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనిపించడం, తమలో తామే మాట్లాడుకోవడం, కొందరికి ఫిట్స్. వీళ్లు కల్లు ఎక్కువై వచ్చినవాళ్లు కాదు, కల్లు దొరకక వచ్చినవాళ్లు. చెట్టు కల్లులో ఉండే కొద్దిపాటి ఆల్కహాల్‌ ఒక్కటే ఇంత పని చేయదు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట, మత్తు కోసం సీసాల్లో కలుపుతూ వచ్చిన అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులే అసలు కారణం.

అదే అల్ప్రాజోలం నల్లగొండలోనో వనపర్తిలోనో టెన్షన్ తగ్గడానికి డాక్టర్ రాసిచ్చే చీటీలోనూ ఉంటుంది. ఒకటి వ్యసనం, ఇంకొకటి వైద్యం అని మనం వేరు చేస్తాం. చేయాల్సిందే. కానీ మెదడుకు ఆ తేడా తెలియదు. చాలా నెలలు రోజూ అందిన మందు ఒక్కరోజులో ఆగిపోతే, సీసాలోంచి వచ్చినా స్ట్రిప్‌లోంచి వచ్చినా మెదడు ఒకేలా తిరగబడుతుంది.

మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంటుంది. అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరజెపాం, డయాజెపాం అన్నీ బెంజోడయాజెపైన్ల కుటుంబం. ఇవి గాబా పనికి బలం ఇస్తాయి. అందుకే గోలీ వేసుకున్న కాసేపటికే గుండె దడ తగ్గి కళ్లు మూతపడతాయి. వారాల తరబడి రోజూ వేసుకుంటే మాత్రం మెదడు సర్దుకుంటుంది. గాబాను అందుకునే గ్రాహకాలు మునుపటిలా స్పందించవు, ఉద్రేకపరిచే గ్లుటమేట్ అనే ఇంకో రసాయనం వైపు బలం పెరుగుతుంది. తాడు లాగే పోటీలో ఒక జట్టు హఠాత్తుగా తాడు వదిలేస్తే ఏమవుతుందో, గోలీ ఆపినప్పుడు అదే జరుగుతుంది. ముందు నిద్ర కరువవుతుంది, చెమటలు పడతాయి, వెలుతురూ చప్పుడూ భరించలేనట్టు అవుతాయి. ముదిరితే ఫిట్స్, మతిభ్రమ. ప్రాణాలు పోయే ప్రమాదమూ ఉంది. ఈ మందుల్ని మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి రోజూ వాడకూడదని చెప్పేది ఇందుకే.

ఎప్పుడు మొదలవుతుందన్నది మందును బట్టి ఉంటుంది. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు, కాబట్టి ఒకట్రెండు రోజుల్లోనే బాధ కనిపిస్తుంది. డయాజెపాం చాలా నెమ్మదిగా పోతుంది, వారం దాకా ఏమీ తెలియకపోవచ్చు. ‘మానేసి నాలుగు రోజులైంది, నాకేం కాలేదు’ అన్న ధీమా అక్కడే దెబ్బతీస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. గోలీ ఆపాక వచ్చే ఆందోళనను చాలామంది పాత జబ్బే తిరగబెట్టిందనుకుంటారు. ఇక జన్మంతా గోలీ తప్పదని భయపడతారు. మునుపెప్పుడూ లేని వణుకు, చప్పుడు పడకపోవడం కొత్తగా వచ్చాయంటే, డోసు తగ్గించిన రోజుల్లోనే మొదలయ్యాయంటే, అది ఎక్కువసార్లు మందు మానడం వల్ల వచ్చిన బాధే. ఈ తేడా ఇంట్లోవాళ్లకు తెలిస్తే చాలా భయం తగ్గుతుంది.

మన దగ్గర విరివిగా రాసే గోలీల్లో ఒకదాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివితే ఎస్సిటాలోప్రాం 10 మిల్లీగ్రాములు, క్లోనజెపాం 0.5 మిల్లీగ్రాములు అని రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది దిగులు, ఆందోళన తగ్గించే మందు; పనిచేయడానికి వారాలు పడుతుంది, తగ్గాక కూడా నెలల తరబడి కొనసాగించాలి. రెండోది వెంటనే పనిచేస్తుంది, త్వరగా సెలవు తీసుకోవాలి. రెండిటినీ ఒకే గోలీలో బిగించాక ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తగ్గించడం కుదరదు. సగం చేస్తే రెండూ సగమవుతాయి. మొత్తం ఆపేస్తే ఎస్సిటాలోప్రాం మానినందుకు తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుండటం ఒకవైపు, క్లోనజెపాం మానిన బాధ ఇంకోవైపు. ఇది వాడుతున్నవాళ్లు మానాలనుకుంటే, ముందు రెండు మందుల్నీ విడివిడి గోలీలుగా మార్చమని డాక్టర్‌ని అడగాలి.

అల్ప్రాజోలం, డయాజెపాం 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మి, లెక్క రాసిపెట్టాల్సిన మందుల జాబితాలోకి వచ్చాయి. మందుల షాపు రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని గోలీలు ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ‘అన్నా, పోయినసారి ఇచ్చినవే ఒక స్ట్రిప్ ఇయ్యి’ అంటే చేతిలో పెట్టే షాపు మనకు మేలు చేయడం లేదు.

మరి ఎలా తగ్గించాలి? ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 దాకా ఇందుకోసమే ఒక క్లినిక్ నడిపారు. నెమ్మదిగా దిగే డయాజెపాంకి మార్చి, రోగి ఓపికను బట్టి కొద్దికొద్దిగా తగ్గించడం ఆమె పద్ధతి. 2025లో అమెరికా నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడమంటున్నాయి. ఆ శాతం అప్పుడు వాడుతున్న డోసులోంచి లెక్కేయాలి. పది శాతం చొప్పున అయితే, 20 మిల్లీగ్రాముల డయాజెపాం మీదున్న మనిషికి మొదటి మెట్టు 18, తర్వాతిది 16 పైచిలుకు. కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి, ఎందుకంటే 2 నుంచి 1కి రావడమంటే సగానికి సగం కోత. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. కూరగాయల కత్తితో గోలీ కోస్తే ముక్కలు సమానంగా రావు, సగం పొడైపోతుంది. ఎస్‌ఆర్ (మందును ఒంట్లోకి నెమ్మదిగా వదిలే రకం) అని రాసి ఉన్న గోలీని అసలు కోయకూడదు. లెక్క డాక్టరే వేయాలి.

కల్లు విషయంలో ఇంకా కష్టం, సీసాలో ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు. అందుకే ఇంట్లో కట్టేసి మాన్పించడం ప్రమాదం. ఆస్పత్రిలో కొలిచిన డోసుతో మందు మొదలుపెట్టి దింపుతారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఫిట్స్ వస్తే మాత్రం 108.

పనికి బొంబాయి, పుణె పోయే పాలమూరు మనిషికి అక్కడ ఈ కల్లు దొరకదు. కాలు విరిగి ఆస్పత్రిలో చేరిన మనిషికీ దొరకదు. రోజూ ఎన్ని సీసాలు తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో, ఏ గోలీలు వేసుకునేవాడో చేర్పించిన రోజే డాక్టర్‌కి చెప్పాలి. చెప్పకపోతే, రెండో మూడో రోజు రాత్రి ఆ మనిషి మంచం దిగి పారిపోబోయినప్పుడు, ఎందుకలా చేస్తున్నాడో అక్కడ ఎవరికీ అంతుపట్టదు.