‘అన్నతో ఫోన్ చేయిస్తేనే కేసు కడతారు’ అనుకునేవాళ్ళకు

కర్నూలు కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తుంటాను. ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు వైపు నుంచి దెబ్బలు తినో, మోసపోయో వచ్చేవాళ్ళు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే. ‘సర్పంచ్ అన్నతో చెప్పించినాం సార్, ఎస్సై చూస్తానన్నాడంట.’ కంప్లైంటు రాసిచ్చారా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. గొడవ జరిగి అప్పటికే వారాలు గడిచిపోయి ఉంటాయి. స్టేషన్‌లో మాత్రం వాళ్ళ పేరు మీద ఒక్క కాగితం ఉండదు.

ఈ అపోహ వల్ల మన సీమలో ఎన్ని మంచి కేసులు చెడిపోయాయో చెప్పలేను. అందుకే ఎక్కువ భాగం దీని గురించే రాస్తున్నాను.

అపోహ: సర్పంచో, కార్పొరేటరో, ఎమ్మెల్యేనో చెబితేనే పోలీసులు కేసు కడతారు.

వాస్తవం: మీరు చెప్పిన విషయంలో కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేది) కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. కట్టాలా వద్దా అన్నది ఎస్సై ఇష్టానికి వదిలిన విషయం కాదని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ బదులు అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో 173వ సెక్షన్ దీని గురించే. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ‘ఇది మా లిమిట్స్ కాదు’ అని పంపించేయడానికి లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఆ స్టేషన్‌కు వాళ్ళే పంపాలి. మూడేళ్ళు, ఆ పైన, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేయొచ్చు, అదీ 14 రోజుల్లో ముగించాలి. కాబట్టి ‘ఎంక్వైరీలో ఉంది’ అని నెలల తరబడి తిప్పుతుంటే నమ్మకండి.

ఇంత సెక్షన్‌లో ప్రజాప్రతినిధి సంతకం, సిఫార్సు అన్న మాట ఎక్కడా లేదు. ఎస్సై తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్తగా దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే అదే చట్టం 175(3) సెక్షన్ కింద అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు. ఆ రసీదు లేకుండా మా దగ్గరికి వస్తే మేం మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కించాలి.

పత్తికొండ వైపు రైతు ఒకాయన ఉన్నాడు. గట్టు తగాదాలో చెయ్యి విరగ్గొట్టారు. ఊరి సర్పంచ్ నిజంగా మంచివాడు, ఈ రైతు ఎదురుగానే ఎస్సైకి ఫోన్ చేశాడు. ‘రేపు పిలిపిస్తా’ అన్నారు. రేపు ఎల్లుండి అయింది. తిరునాళ్ళ బందోబస్తు అన్నారు, మంత్రి పర్యటన అన్నారు. ఈలోగా ఈయన పెద్దాసుపత్రికి పోకుండా పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చాడు. ఇక గాయానికి సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అవతలివాళ్ళు మాత్రం మొదటి రోజే ఆసుపత్రిలో చేరి, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు గాయాలను నమోదు చేయడం) చేయించుకుని, కంప్లైంటు రాసిచ్చారు. చివరికి దెబ్బలు తిన్న ఈయన కేసు వాళ్ళ కేసుకు పోటీగా పెట్టిన కౌంటర్ కేసయింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్సు లాయరు అడిగింది ఒక్కటే: ‘ఇన్ని రోజులు ఎందుకు ఆగావు?’ ‘సర్పంచ్ చెప్తానన్నాడు సార్’ అని నిజమే చెప్పాడు పాపం. ఆ నిజాన్ని పట్టుకునే, రాజకీయ నాయకుడితో కూర్చుని అల్లిన కేసు ఇదని వాదించారు. కేసు కొట్టేశారు. తీర్పు రోజు ఆ చెయ్యి ఇంకా పూర్తిగా మడతపడేది కాదు. ఈ అపోహ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

అయితే మీ భయం నాకు తెలియంది కాదు. స్టేషన్ గేటు దగ్గర ఒంటరిగా నిలబడటం కష్టం. ఆడవాళ్ళకు, కూలిపని చేసుకునేవాళ్ళకు ఇంకా కష్టం. వార్డు మెంబరునో, సర్పంచునో తోడు తీసుకెళ్ళండి, తప్పేమీ లేదు. కానీ మొదట ఆసుపత్రి, తర్వాత కాగితం, ఆ తర్వాతే ఫోన్. ఈ వరస తప్పొద్దు.

అసలు ఈ నమ్మకం మన పల్లెల్లో ఇంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. 1984 దాకా ఊర్లో మునసబు ఉండేవాడు, ఆయన వెంట తలారి ఉండేవాడు. ఊర్లో అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే స్టేషన్‌కు కబురు పంపాల్సింది మునసబే. ఆ పదవులు రద్దయి నలభై ఏళ్ళు దాటింది. పెద్దవాళ్ళ మనసులో ఆ మునసబు కుర్చీలో ఇప్పుడు సర్పంచ్ కూర్చున్నాడు. చట్టంలో మాత్రం అట్లా కాదు.

అపోహ: స్టేషన్ సర్పంచ్, ఎంపీపీ, మేయర్ల అధికారం కింద ఉంటుంది.

వాస్తవం: ఉండదు. పోలీసు రాష్ట్ర ప్రభుత్వ విషయం, రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. పంచాయతీలకు అప్పగించదగ్గవిగా 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి, మున్సిపాలిటీలకు 12వ షెడ్యూలులో 18 ఉన్నాయి. వాటిలో వీధి దీపాలున్నాయి, శ్మశానాలున్నాయి, పోలీసు లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు ‘ఇక్కడ షెరీఫ్‌ను జనమే ఎన్నుకుంటారు’ అని చెబితే నిజమే, అక్కడ చాలా కౌంటీల్లో అంతే. ఇక్కడ ఎస్సై పైన సీఐ, డీఎస్పీ, ఎస్పీ, డీఐజీ, డీజీపీ, రాష్ట్ర ప్రభుత్వం ఉంటాయి. దర్యాప్తు విషయంలో అయితే కోర్టుకే జవాబు చెప్పాలి.

కేసు కట్టొద్దని ఫోన్ చేయడం ఎంత పెద్దవాళ్ళకైనా తప్పే. మహారాష్ట్రలో బుల్ఢానా జిల్లా రైతులు ఒక వడ్డీ వ్యాపారి కుటుంబం మీద ఫిర్యాదు ఇస్తే, ఆ కుటుంబంలో ఎమ్మెల్యే ఉన్నాడని ముఖ్యమంత్రి ఆఫీసు నుంచి పోలీసులకు ఫోన్ వెళ్ళింది. ఆ ఫోన్ సంగతి స్టేషన్ డైరీలో రాసి ఉండటంతో బయటపడింది. 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వానికి 10 లక్షల ఖర్చులు వేసింది.

అపోహ: అయితే మన ఓటుతో గెలిచినవాళ్ళు పోలీసులను ఏమీ అడగలేరు.

ఇది పై అపోహకు సరిగ్గా వ్యతిరేకం. చదువుకున్నవాళ్ళ నోట ఎక్కువగా వింటుంటాను. ఇదీ తప్పే. అడగడానికి వాళ్ళకు చట్టబద్ధంగా చోట్లు ఉన్నాయి. ఆ చోట్ల కూర్చోమని మనమే వాళ్ళను ఎప్పుడూ అడగం.

ఒకటి సీసీ కెమెరాల కమిటీ. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టమంది. లాకప్, వరండా, ఎస్సై గది, వెనక వైపు ఏదీ వదలొద్దంది. రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, అంత సామర్థ్యం దొరక్కపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదు. వీటి మీద జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండాలని చెబుతూ, కలెక్టరు, ఎస్పీలతో పాటు జిల్లాలోని ఒక మేయర్‌కు, లేదా గ్రామీణ ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధిపతికి అందులో స్థానం ఇచ్చింది. బయటికి రాని మానవ హక్కుల ఉల్లంఘనలేమైనా జరిగాయా అని ఫుటేజీ చూడటం ఆ కమిటీ పనుల్లో ఒకటి. నెలనెలా రాష్ట్ర కమిటీకి రిపోర్టు కూడా ఇవ్వాలి. మన కార్పొరేటర్లను, జడ్పీటీసీలను డ్రైనేజీ గురించి అడుగుతాం. ‘ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది? మన స్టేషన్ కెమెరా పనిచేస్తోందా?’ అని కూడా అడగండి. అడిగితే కదా వాళ్ళకూ తెలిసేది.

రెండోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఏర్పడే విజిలెన్స్, మానిటరింగ్ కమిటీలు. 1995 నిబంధనల్లో 17వ నిబంధన ప్రకారం జిల్లా కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు. ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎస్పీ సభ్యులు. 17ఏ ప్రకారం డివిజన్ కమిటీ ఆర్డీఓ కింద ఉంటుంది. అందులో పంచాయతీరాజ్ సంస్థలకు గెలిచిన ఎస్సీ, ఎస్టీ సభ్యులు, డీఎస్పీ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఈ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి, ఛార్జిషీటు 60 రోజుల్లో వేయాలి. మా ఊరి కేసు ఎందుకు ఆగిందని ఒక దళిత ఎంపీటీసీ ఆ సమావేశంలో డీఎస్పీని అడిగితే, జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. పది మంది వెళ్ళి స్టేషన్ ముందు కూర్చుంటే ఆ రోజుతో అయిపోతుంది. మినిట్స్ ఫైల్లో ఉంటాయి, రేపు కోర్టులో నాకూ పనికొస్తాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఎస్సైని ఎమ్మెల్యే బదిలీ చేస్తాడా? ఆర్డరు ఎస్పీ, డీఐజీల సంతకంతోనే వస్తుంది. దాని వెనక ఎమ్మెల్యేల సిఫార్సు లేఖల సంగతి అందరికీ తెలిసిందే. అందుకే 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ళు ఒకే చోట ఉండాలని, పోలీసుల మీద ఫిర్యాదులకు జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో వేరే అథారిటీ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఎస్పీ గ్రీవెన్సుకు సోమవారం వెళ్ళండి, సిఫార్సు అక్కర్లేదు. ఏ ఎస్పీ అన్నది మాత్రం చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక డోన్ వాళ్ళు నంద్యాలకు, ధర్మవరం వాళ్ళు పుట్టపర్తికి వెళ్ళాలి. ఇప్పటికీ పాత లెక్కన కర్నూలు, అనంతపురం వచ్చి రోజంతా కూర్చుని వెనక్కి పోయేవాళ్ళున్నారు.

స్టేషన్‌లో కొట్టారంటే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయొచ్చు. అది సస్పెండ్ చేయదు, ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది. ఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాసేటప్పుడు స్టేషన్ పేరు, తేదీ, ఎన్ని గంటలకు లోపలికి తీసుకెళ్ళారు, ఎన్నింటికి వదిలారు తప్పకుండా వేయండి. కెమెరా ఫుటేజీ అడగాలంటే ఆ టైమే కావాలి.