లెక్ దగ్గర లెక్క

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, తూర్పు వైపు ఎండు మైదానాల్లో, ఏప్రిల్ నెల చీకట్లోనే ఒక బండి మట్టిరోడ్డు మీద ఆగుతుంది. ఇంజిన్ ఆపి, అద్దం దించి, లోపలున్నవాళ్లు నోరు మెదపకుండా చెవులు రిక్కించి కూర్చుంటారు. గాలి లేకపోతే చాలా దూరం నుంచి బుడగలు పగిలినట్టు ఒక చప్పుడు వినిపిస్తుంది, అదే సేజ్ గ్రౌస్ మగపక్షి చప్పుడు.

మన కోళ్లకూ నెమళ్లకూ చుట్టమే ఈ పక్షి. మగది రొమ్ము మీద తెల్లటి ఈకల మెత్తలోంచి రెండు పసుపు తిత్తుల్ని గాలితో ఉబ్బించి, టప్పున వదులుతుంది, వెనకాల మొనదేలిన తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇలా పదుల కొద్దీ మగపక్షులు ఒకే బయలు జాగాలో చేరి ఆడే చోటును లెక్ అంటారు. ఆడపక్షులు వచ్చి, తిరిగి చూసి, ఎక్కువగా ఒకటి రెండు మగవాటినే ఎంచుకుని వెళ్లిపోతాయి. గూడు, పొదగడం, పిల్లలు, అన్నీ వాటి పనే.

మిగతా ఏడాదంతా ఈ పక్షులు తమ రంగులోనే ఉండే సేజ్‌బ్రష్ పొదల్లో కలిసిపోతాయి కాబట్టి లెక్కపెట్టడం దాదాపు అసాధ్యం. లెక్ మీద మాత్రం ఎదురుగా కనిపిస్తాయి, పైగా ఏటేటా అదే చోటికి వస్తాయి. ఎక్కువ గూళ్లు కూడా అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్ల లోపే ఉంటాయి. అంటే లెక్ ఎక్కడుందో తెలిస్తే రోడ్డో కరెంటు లైనో ఎటు తిప్పాలో చెప్పొచ్చు, మసక వెలుతురులో తక్కువ ఎత్తున ఎగిరే పక్షులు గుద్దుకోకుండా కంచె తీగలకు గుర్తులు కట్టొచ్చు. తెలియని లెక్‌ను ఎవరూ కాపాడలేరు.

సీజన్ చూస్తే కొన్ని వారాలే, అందులోనూ పొద్దున గంటా రెండు గంటలే. వెళ్లాల్సిన చోట్లు మాత్రం వందల్లో ఉంటాయి. ఉద్యోగులు ఎంతమందని సరిపోతారు? అందుకే అక్కడి వన్యప్రాణి శాఖ 'అడాప్ట్ ఎ లెక్' పేరుతో వాలంటీర్లను తీసుకుంటుంది. ఒకే లెక్‌కు వారం పది రోజుల గ్యాప్ ఇచ్చి పలుసార్లు వెళ్లాలి, ముఖ్యంగా మగవాటిని లెక్కించాలి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను తీసుకుంటారు. మధ్యలో డోర్ తీస్తే గుంపంతా లేచిపోతుంది, ఆ పొద్దు పక్షులకూ పోయినట్టే.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది సున్నా. అంత దూరం, అంత బురదలో వెళ్లాక ఒక్క పక్షీ లేకపోతే ఉసూరుమంటుంది, కాగితం ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది. కానీ ఎవరూ వెళ్లని చోటూ, వెళ్లినా పక్షి లేని చోటూ ఒకటి కావు. చీట్‌గ్రాస్ అనే ఎండుగడ్డి అంటుకుని పొదలు కాలిపోయాయా (సేజ్‌బ్రష్ మళ్లీ ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది), పక్షులు పక్కకు జరిగాయా, లేక ఆ పొద్దున గద్ద వచ్చి బెదరగొట్టిందా, ఒక్క రోజుతో తేలదు. అందుకే సున్నా రాసి, ఎండెక్కాక ఆ బయలులో నడుస్తూ కింద చూసుకుంటారు. తాజా రెట్టో, రాలిన ఈకో కనిపిస్తే వచ్చే వారం మళ్లీ చీకట్లోనే బయల్దేరతారు.